దొడ్డికి వెళ్లాలంటే ఏడ్చే బిడ్డ: పసిపిల్లల మలబద్ధకాన్ని ఎలా చక్కదిద్దాలి?

మా అబ్బాయికి ఇంకా మూడేళ్లు నిండని రోజులు. సాయంత్రమైతే చాలు, బీరువా పక్కన మూలకి వెళ్లి నిలబడేవాడు. మడమలు పైకి లేచేవి, కాళ్లు బిగుసుకునేవి, ముఖం ఎర్రబడేది. దగ్గరికి వెళ్తే "వద్దు, వద్దు" అని అరిచేవాడు. "పాపం, ఎంత ముక్కినా రావడం లేదు" అని మా అత్తయ్య, నేను బాధపడేవాళ్లం. పిల్లల డాక్టరు గారు అంతా విని ఒక్క మాట చెప్పారు: "వాడు ముక్కడం లేదమ్మా, బిగబట్టుకుంటున్నాడు."

ఆ మాటతో మాకు విషయం అర్థమైంది. ఎప్పుడో ఒకసారి గట్టిగా వచ్చి నొప్పి పుట్టింది. ఆ నొప్పి గుర్తుండి మరుసటిసారి ఆపుకున్నాడు. లోపల ఆగిన మలంలోంచి పెద్దపేగు నీటిని పీల్చేస్తుంది కాబట్టి అది ఇంకా గట్టిపడింది, ఇంకా లావైంది. ఈసారి నొప్పి రెట్టింపు. ఏడాది దాటిన పిల్లల్లో మలబద్ధకం చాలావరకు ఇలా తిరిగే చక్రమే. నూటికి దాదాపు 95 మందిలో దీని వెనక వేరే జబ్బేమీ ఉండదు.

అందుకే కింద చెప్పేవన్నీ ఒకే పని కోసం: బిడ్డ ఆ నొప్పిని మరిచిపోయేదాకా మలం మెత్తగా ఉండేలా చూడాలి. రోజుల్లో అయ్యే పని కాదు, నెలలు పడుతుంది. ఈ సంగతి ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

1. ముందు, ఇది నిజంగా మలబద్ధకమేనా?

ఎన్ని రోజులకోసారి వెళ్తోంది అన్నదానికంటే ఎలా వస్తోంది అన్నది ముఖ్యం.

తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ మొదటి నెలలో రోజుకు చాలాసార్లు వెళ్తుంది. నెల, నెలన్నర దాటాక కొందరు వారానికి ఒకసారే వెళ్తారు. వచ్చినప్పుడు మెత్తగా ఉండి, బిడ్డ పాలు బాగా తాగుతూ, బరువు పెరుగుతూ ఉంటే అది మలబద్ధకం కాదు. మందు అవసరం లేదు.

ఇంకో రకం పిల్లలుంటారు. పది, ఇరవై నిమిషాలు ముక్కి, గుక్కపట్టి ఏడ్చి, చివరికి చూస్తే మెత్తగానే వెళ్తారు. ఆరు నెలల లోపు పిల్లల్లో ఇది మామూలే. మలాన్ని తోయడానికి పొట్టని బిగించాలి, అదే సమయంలో కింద కండరాన్ని వదలాలి. ఈ రెండూ ఒకేసారి చేయడం పసిబిడ్డకు ఇంకా రాదు. కొన్ని వారాల్లో తనంతట తానే నేర్చుకుంటుంది. ఈ లోపు మనం కింద వేలు పెట్టో ఇంకేదో పెట్టో "సాయం" చేస్తే, ఆ సాయం లేనిదే వెళ్లని అలవాటు పడుతుంది. ఎత్తుకుని ఊరుకోబెట్టండి, చాలు.

మేక పెంటికల్లా ఉండలుగా రావడం, లావుగా గడ్డకట్టి పగుళ్లతో రావడం, వారానికి రెండుసార్లు లేదా అంతకంటే తక్కువ వెళ్లడం, వెళ్లేటప్పుడు నొప్పితో ఏడవడం, మలం మీద ఎర్రటి రక్తపు చార కనబడటం, మూలల్లోనో కర్టెన్ వెనకో దాక్కుని కాళ్లు మెలిపెట్టి నిలబడటం: ఇవీ అసలు గుర్తులు. డాక్టర్ల లెక్కలో ఇది నెల రోజులు సాగితే మలబద్ధకం అంటారు గానీ, మీరు నెల ఆగక్కర్లేదు. ఎంత త్వరగా మెత్తబడితే భయం అంత తక్కువగా పాతుకుంటుంది.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, ఎలా వచ్చింది, ఏడ్చాడా, నిక్కరుకి మరక అయిందా, ఎన్ని పాలు తాగాడు, ఇంతే. బ్రిస్టల్ చార్ట్ అని ఒకటుంది, 1997లో అచ్చయింది. మలాన్ని 1 నుంచి 7 రకాలుగా బొమ్మలతో చూపిస్తుంది. 1 అంటే పెంటికలు, 4 అంటే నున్నగా మెత్తగా పాములా, 7 అంటే నీళ్లు. ఫోన్‌లో ఆ బొమ్మ ఉంచుకుని రోజూ అంకె రాసుకుంటే చాలు. "సరిగ్గా రావడం లేదు డాక్టర్" అనేదానికంటే "పది రోజుల్లో మూడుసార్లు, మూడూ 1వ రకమే" అంటే వైద్యం వేరుగా ఉంటుంది.

2. ఇంట్లో ప్రయత్నాలు ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినవి

ఇది చదివి, వీటిలో ఒక్కటి ఉన్నా మిగతా వ్యాసం పక్కన పెట్టండి.

- పుట్టిన 48 గంటల్లో మొదటి నల్లటి మలం రాలేదు, లేదా నెల నిండకముందే మలబద్ధకం మొదలైంది. పేగు చివర నరాల కణాలు లేకుండా పుట్టే హిర్ష్‌స్ప్రంగ్ జబ్బు ఇలాగే బయటపడుతుంది.
- పచ్చగా, ఆకురసంలా వాంతి. పొట్ట బాగా ఉబ్బి బిగుసుకోవడం.
- బరువు పెరగకపోవడం, పాలు తాగకపోవడం, జ్వరంతో పాటు పొట్ట ఉబ్బడం.
- మలం ఎప్పుడూ రిబ్బన్‌లా సన్నగానే రావడం, లేదా మలంలో కలిసి రక్తం రావడం.
- నడుము కింద వెన్ను మీద గుంట, జుట్టు కుచ్చు, కాళ్లలో పట్టు తగ్గడం.
- మలబద్ధకంతో పాటు బిడ్డ మందకొడిగా ఉండటం, చర్మం పొడిబారడం. థైరాయిడ్ లోపం కావచ్చు, రక్తపరీక్షలో తెలుస్తుంది.

3. ఆరు నెలల లోపు బిడ్డకు

ముందు చేయకూడనివి చెప్పాలి. ఎందుకంటే మన ఇళ్లల్లో ఈ వయసులో జరిగే హాని ఎక్కువగా ప్రేమతోనే జరుగుతుంది.

తమలపాకు తొడిమ ఆముదంలో ముంచి కింద పెట్టడం, సన్నటి సబ్బు ముక్క పెట్టడం మన ఊళ్లల్లో ఇంకా ఉంది. పెట్టగానే వెళ్తుంది, నిజమే. సబ్బులోని క్షారం లోపలి సున్నితమైన పొరని మండించడం వల్ల వెళ్తుంది. ఆ పొర పుండు పడొచ్చు, తొడిమ గీరుకుపోయి చీలిక రావచ్చు. చీలిక వచ్చిందంటే నొప్పి, నొప్పి వచ్చిందంటే మనం భయపడే ఆ చక్రం పసితనంలోనే మొదలవుతుంది. నోట్లో ఆముదం పోయడం ఇంకా ప్రమాదం. ఆ నూనె పొరపాటున ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. తేనె ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు. అందులో బొటులిజం అనే జబ్బు తెచ్చే బీజాలు ఉండొచ్చు, అవి పసిపేగులో విషాన్ని తయారుచేస్తాయి, ఆ జబ్బుకి మొదటి గుర్తు మలబద్ధకమే. ఆరు నెలల లోపు నీళ్లు, గ్రైప్ వాటర్, పండ్ల రసాలు కూడా డాక్టరు చెప్పకుండా వద్దు.

ఇంట్లో పెద్దవాళ్లతో ఈ మాట చెప్పడం కష్టం. మా అత్తయ్య ముగ్గురు పిల్లల్ని ఇలాగే పెంచారు. వాదన పెట్టుకోకుండా, "అత్తయ్యా, మీరు బాబుని కాళ్ల మీద కూర్చోబెట్టండి, అది డాక్టరు గారు కూడా మంచిదన్నారు" అన్నాను. అది నిజమే. మెడ నిలిచిన బిడ్డని పెద్దవాళ్లు తమ రెండు పాదాల మీద, మోకాళ్లు పైకి వచ్చేలా కూర్చోబెట్టుకునే పద్ధతి చాలా మంచిది. ఆ భంగిమలో పేగు చివరి వంపు తిన్నగా అవుతుంది.

డబ్బా పాలు తాగే బిడ్డ అయితే కలిపే పద్ధతి చూడండి. డబ్బా మీద రాసిన కొలత ప్రకారం ముందు నీళ్లు పోసి, తర్వాత గీటు దగ్గరికి చదును చేసిన చెంచాతో పొడి వేయాలి. "బలం కోసం" ఒక చెంచా ఎక్కువ వేస్తే మలం గట్టిపడుతుంది.

పాలు తాగిన ముప్పావు గంట తర్వాత గోరువెచ్చని నీళ్ల స్నానం, బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిక్కులో మెల్లగా అరచేత్తో రుద్దడం, సైకిల్ తొక్కినట్టు కాళ్లు ఆడించడం. ఇవి నష్టం లేనివి, హాయినిచ్చేవి. అయినా గట్టిగానే వస్తుంటే ఈ వయసులో ఇంటి వైద్యం వద్దు. డాక్టరు అవసరమైతే మలాన్ని మెత్తబరిచే లాక్ట్యులోజ్ సిరప్ రాస్తారు.

4. ఆరో నెల: అన్నం మొదలైనప్పుడు

మలబద్ధకం మొదలయ్యే మూడు మలుపులున్నాయి: అన్నం మొదలుపెట్టినప్పుడు, టాయిలెట్ అలవాటు చేసేటప్పుడు, బడిలో వేసినప్పుడు. మొదటిది తేలికైంది. తిండి మారిస్తే చాలావరకు సరిపోతుంది.

అన్నప్రాశన అయ్యాక చాలా ఇళ్లల్లో మెనూ ఒకటే: మెత్తటి అన్నం, డబ్బా పొడి, పాలల్లో నానబెట్టిన బిస్కెట్, సరిగా పండని అరటిపండు. ఇందులో పీచు దాదాపు లేదు. పప్పుకట్టు కాకుండా పప్పు మొత్తం మెదిపి పెట్టండి. దాంట్లో సొరకాయో గుమ్మడో తోటకూరో ఉడికించి కలపండి. బాగా పండిన బొప్పాయి గుజ్జు, ఉడికించిన చిలగడదుంప పెట్టండి. రాత్రి నానబెట్టిన కిస్మిస్‌లను మెత్తగా నూరి ఇవ్వండి, గింజగా ఇస్తే గొంతులో అడ్డుపడుతుంది. ప్రూన్స్, పియర్ పండు దొరికితే అవి ఇంకా మంచివి. వాటిలోని సార్బిటాల్ అనే చక్కెర పేగులోకి నీటిని లాగుతుంది. ప్రతిసారి తిన్నాక రెండు మూడు గుటకలు నీళ్లు పట్టండి.

రాగి జావ సంగతి. "రాగి పెట్టినా గట్టిగానే వస్తోంది" అని చాలామంది తల్లులు అంటారు. ఎలా చేస్తున్నారో అడిగితే, నానబెట్టి రుబ్బి గుడ్డలో వడకట్టి పాలు తీస్తున్నామంటారు. పీచంతా ఆ గుడ్డలోనే ఉండిపోయింది. ఎనిమిదో నెల దాటాక మెత్తటి పిండితో, వడకట్టకుండా, పల్చగా కాచి పెట్టండి.

ఏడాది లోపు ఆవు పాలు, గేదె పాలు ప్రధానంగా పట్టకండి. తల్లిపాలు, లేదంటే డబ్బా పాలే.

5. ఏడాది దాటాక: ముందు పేరుకున్నది ఖాళీ కావాలి

ఎక్కువమంది తల్లిదండ్రులు ఇక్కడే తప్పుదారి పడతారు, నేను కూడా పడ్డాను. మలబద్ధకం అనగానే పండ్లు, ఆకుకూరలు పెంచేస్తాం. లోపల పాత మలం రాయిలా అడ్డుపడి ఉండగా పైనుంచి పీచు నింపితే పొట్టనొప్పి పెరుగుతుంది తప్ప దారి తెరుచుకోదు. వరస ముఖ్యం: ముందు ఖాళీ, తర్వాత మెత్తదనం, ఆ తర్వాత తిండితో నిలబెట్టడం.

పేరుకుందని ఎలా తెలుస్తుంది? పొట్ట కింద ఎడమవైపు గట్టిగా ముద్ద తగులుతుంది. ఆకలి తగ్గుతుంది, వెళ్లిన రోజు మాత్రం బాగా తింటాడు. ఇంకో గుర్తు చాలామందిని మోసం చేస్తుంది: రోజుకు నాలుగైదుసార్లు నిక్కరులో కొంచెం కొంచెం పల్చగా మరక. "విరేచనాలు పట్టుకున్నాయి" అని ఆపే మందు వేస్తారు. నిజానికి అది రాయిలాంటి ముద్ద పక్కనుంచి జారుతున్న నీళ్ల మలం. సాగిపోయిన పేగుకి స్పర్శ తగ్గుతుంది, అందుకే బిడ్డకు తెలియదు. తెలిసి చేయడం లేదు. దీనికి తిట్టడం, కొట్టడం, అక్క ముందు "ఛీ" అనడం అస్సలు వద్దు.

ఈ దశలో డాక్టర్లు ఎక్కువగా రాసేది పీఈజీ, అంటే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి. నీళ్లలో కలిపి తాగించాలి. బిడ్డ బరువుని బట్టి మోతాదు డాక్టరే చెప్పాలి. పేరుకున్నది కరగడానికి 3 నుంచి 6 రోజులు ఎక్కువ మోతాదు ఇస్తారు. ఆ రోజుల్లో రోజుకు ఎన్నోసార్లు, నీళ్లలా కూడా వెళ్లొచ్చు. భయపడి ఆపేయకండి. సెలవులు చూసుకుని మొదలుపెట్టండి, పాత నిక్కర్లు దగ్గర ఉంచుకోండి, నీళ్లు బాగా తాగించండి. ఎనిమాల (కింద నుంచి ఎక్కించే మందు) జోలికి సొంతంగా వెళ్లొద్దు. నోటిద్వారా ఇచ్చే పీఈజీ దాదాపు అంతే బాగా పనిచేస్తుంది, పైగా కింద ఇంకో భయం చేరదు. ఫాస్ఫేట్ ఎనిమాలు రెండేళ్ల లోపు పిల్లలకు ప్రాణం మీదికి తెస్తాయి. సునాముఖి చూర్ణాలు, పెద్దవాళ్ల మాత్రలు, ఇసబ్‌గోల్ కూడా వద్దు.

ఖాళీ అయ్యాక మోతాదు తగ్గించి రోజూ ఇవ్వాలి. ఎన్నాళ్లు? కనీసం రెండు నెలలు. అంతా సవ్యంగా అయ్యాక కూడా మరో నెల. మా వాడికి రెండు వారాల్లోనే చక్కగా అయింది. "ఇంత చిన్నపిల్లాడికి రోజూ మందేంటి, అలవాటైపోతుంది" అని ఇంట్లో అందరం అనుకుని ఆపేశాం. పది రోజులు తిరగలేదు, మళ్లీ బీరువా మూల, మళ్లీ రక్తపు చార, మళ్లీ మొదటినుంచి. ఆ చిన్న ప్రాణం రెండోసారి పడ్డ బాధ తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. అందుకే గట్టిగా చెబుతున్నాను: ఈ మందు పేగుని బద్ధకంగా మార్చదు, రక్తంలోకి దాదాపు చేరదు. మలంలో నీటిని పట్టి ఉంచడమే దాని పని. సాగిన పేగు మామూలు స్థితికి రావడానికి, బిడ్డ భయం తీరడానికి ఆ నెలలు కావాలి.

6. పాలు తగ్గించండి, తిండి మార్చండి

మందుతో పాటు ఇది. ఏడాది దాటిన బిడ్డకు రోజుకు అర లీటరు పాలు మించకూడదు. మన దగ్గర "అన్నం తినడు, పాలైనా తాగనీ" అని లీటరు దాకా పట్టే ఇళ్లున్నాయి. పాలతో పొట్ట నిండిపోతే పప్పూ కూరా ఎక్కడ పడతాయి? పాలు ఎక్కువైన పిల్లలకు రక్తహీనత కూడా వస్తుంది. రాత్రి సీసా మాన్పించి గ్లాసులోకి మార్చండి. మొదటి మూడు నాలుగు రోజులు ఏడుపు ఉంటుంది, ఆ తర్వాత పొద్దున్నే ఆకలేస్తుంది. కొద్దిమంది పిల్లలకు ఆవు పాలలోని ప్రొటీనే పడదు. మందు వేసినా తగ్గకపోతే రెండు నుంచి నాలుగు వారాలు పాలు మాన్పించి చూడమని డాక్టరు చెప్పొచ్చు, సొంతంగా చేయకండి.

పీచు లెక్కకు తేలికైన సూత్రం ఉంది: రెండేళ్లు దాటిన బిడ్డ వయసుకి 5 కలిపితే అన్ని గ్రాములు. మూడేళ్లవాడికి రోజుకు 8. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల్లో 100 గ్రాముల తెల్ల బియ్యానికి పీచు 3 గ్రాముల లోపే, రాగులకు సుమారు 11, జామపండుకి 8కి పైనే. అంటే సగం జామపండుతో రోజు అవసరంలో దాదాపు సగం తీరుతుంది. "జామ గింజలు గట్టిపరుస్తాయి" అని మాన్పించకండి, పండినది గింజ తీసి మెత్తగా ఇవ్వండి. పప్పులో ఆకుకూర, బెండకాయ, బీరకాయ, జొన్నరొట్టె పాలల్లో నానబెట్టి, ఇడ్లీకి తోడు కూరగాయల సాంబారు: కొత్తవి వండక్కర్లేదు, వండినవాటిలో చారన్నం బదులు కూరన్నం ముద్దలు పెంచాలి. చిప్స్, బిస్కెట్ ప్యాకెట్లు మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. ఇంట్లో ఉంటే ఇవ్వకుండా ఉండలేం.

7. కూర్చోబెట్టడం

తిన్న తర్వాత పావుగంట నుంచి అరగంటలో పెద్దపేగు తనంతట తాను కదులుతుంది. ఆ సమయాన్ని వాడుకోవాలి. ఉదయం టిఫిన్ అయ్యాక, రాత్రి అన్నం అయ్యాక ఐదు నిమిషాలు, ఎక్కువలో ఎక్కువ పది. కాళ్లు గాల్లో వేలాడకూడదు. వెస్ట్రన్ కమోడ్ అయితే చిన్న సీటు పెట్టి, పాదాల కింద పీట వేయండి. మోకాళ్లు తుంటి కంటే పైకి రావాలి. మన మామూలు లెట్రిన్ భంగిమ చాలా మంచిది గానీ, పిల్లలు ఆ గుంతలో పడిపోతామని భయపడతారు. ఎదురుగా కూర్చుని రెండు చేతులూ పట్టుకోండి.

ఆ ఐదు నిమిషాలు ఫోన్ ఇవ్వకండి. కథ చెప్పండి, సబ్బు బుడగలు ఊదించండి. ఊదేటప్పుడు పొట్ట తనంతట బిగుస్తుంది. వచ్చినా రాకపోయినా, కూర్చున్నందుకు మెచ్చుకోండి. "రాలేదా? ఇంకాసేపు కూర్చో" అన్నారంటే అది శిక్ష అయిపోతుంది.

డైపర్‌లో తప్ప వెళ్లనంటే, ఇప్పటికి డైపర్‌లోనే వెళ్లనివ్వండి. నొప్పి ఉన్నప్పుడు టాయిలెట్ శిక్షణ ఆపేయాలి. తర్వాత డైపర్‌తోనే బాత్రూమ్‌లో నిలబడి, ఆపై డైపర్‌తోనే సీటు మీద కూర్చుని, అలా ఒక్కో మెట్టు.

మలద్వారం దగ్గర చీలిక ఉంటే రోజుకు రెండుసార్లు టబ్బులో గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు కూర్చోబెట్టి, తుడిచి, కొబ్బరినూనె గానీ వాజలిన్ గానీ పైపైన రాయండి. మలం మెత్తగా ఉంటే అది మానుతుంది.

బడి పిల్లలు పొద్దున హడావిడిలో వెళ్లరు, బడిలో బాత్రూమ్ నచ్చక సాయంత్రం దాకా ఆపుకుంటారు. ఇరవై నిమిషాలు ముందు లేపి టిఫిన్ ముందుకు జరపండి. టీచరుతో నేరుగా మాట్లాడండి: "వీడు అడిగితే వెంటనే పంపండి మేడమ్, వైద్యం జరుగుతోంది." నేను మొహమాటపడి ఈ మాట నెల ఆలస్యంగా చెప్పాను. వినగానే ఆవిడ ముందు బెంచీలో, తలుపు దగ్గర కూర్చోబెట్టారు.

8. మందు ఎలా మాన్పించాలి

నోట్‌బుక్‌లో వరసగా నెల రోజులు 4వ రకం, ఏడుపు లేదు, మరక లేదు, మూలకి పోవడం లేదు. అప్పుడు డాక్టరుని అడిగి మోతాదు కొంచెం తగ్గించి రెండు వారాలు చూడండి. బాగుంటే ఇంకొంచెం తగ్గించండి. ఒకేసారి ఆపొద్దు. ప్రయాణాలు, పెళ్లిళ్లు, జ్వరం వచ్చిన వారాల్లో తగ్గించే పని పెట్టుకోవద్దు. మళ్లీ ఉండలు అతుక్కున్నట్టు గట్టిగా ఉండే 2వ రకం కనిపించిందా, కాళ్లు మెలిపెట్టాడా, ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేసి ముందటి మోతాదుకి వెళ్లండి. మేము అలా రెండుసార్లు వెనక్కి వెళ్లాం. మూడోసారి మానగలిగాం. అప్పటికి మా వాడికి నాలుగేళ్లు నిండాయి. టిఫిన్ అవగానే పీట తనే లాక్కుని, "అమ్మా, నువ్వు బయటికి వెళ్లు" అంటున్నాడు.